పూర్ణ సంఖ్యల ఘాతాంక సమీకరణాలు: ప్రధాన కారణాంకాలతో అంచెలంచెలుగా సాధించడం ఎలా?

పది, ఇంటర్ చదివేవాళ్లు, ఒలింపియాడ్‌కు తయారయ్యేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "12^మ × 18^న = 5,59,872 లాంటి లెక్క ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? లాగరిథమ్ తీసుకోవాలా, ఒక్కో విలువా వేసి చూసుకుంటూ పోవాలా?"

రెండూ వద్దు. లాగరిథమ్ తీసుకుంటే వచ్చేది ఒక్క సమీకరణం, అందులో తెలియనివి రెండు. విలువలు వేసి చూస్తే జవాబు దొరకొచ్చు గానీ, ఇంకో జవాబు లేదని ఎలా చెప్పగలరు? ప్రధాన కారణాంకాలతో వెళ్తే జవాబూ వస్తుంది, వేరే జవాబు లేదన్న రుజువూ అందులోనే ఉంటుంది.

ఇక్కడ 2^మ అంటే 2 భూమి, మ ఘాతాంకం. తెలియని సంఖ్యలకు మ, న, క అక్షరాలు వాడుతున్నాను. మీ నోట్సులో ఎక్స్, వై అని రాసుకున్నా తేడా ఏమీ లేదు.

## 1. పెన్ను పెట్టేముందు

లెక్కలో దిగకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి.

1.1 తెలియని సంఖ్య ఎలాంటిది? ధన పూర్ణ సంఖ్యా? సున్నా కూడా కావచ్చా? రుణ సంఖ్యలు కూడా కావచ్చా? ప్రశ్నలో "పూర్ణ సంఖ్యలు" అని ఉంటే మూడూ వస్తాయి. ఒకే సమీకరణానికి ధన సంఖ్యల్లో రెండు జవాబులు ఉండి, పూర్ణ సంఖ్యల్లో అనంతంగా ఉండొచ్చు. ఉదాహరణ 3వ భాగంలో ఉంది.

1.2 ఆధారం ఏమిటి? పదో తరగతి 'వాస్తవ సంఖ్యలు' పాఠంలోని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం. 1 కన్నా పెద్దదైన ఏ సహజ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం, వరుస మారితే మారొచ్చు. భిన్నాలకూ ఇదే వర్తిస్తుంది, హారంలో ఉన్న ప్రధాన సంఖ్యకు రుణ ఘాతాంకం వస్తుంది, అంతే. ఉదాహరణకు 8/27 = 2^3 × 3^(−3).

దీన్ని ఇలా గుర్తుపెట్టుకోండి: ప్రతి ప్రధాన సంఖ్యకూ విడిగా ఒక ఖాతా ఉంది. 2 లెక్క 2దే, 3 లెక్క 3దే. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి ఏదీ మారదు.

1.3 పక్కన ఏం ఉండాలి? 2 ఘాతాలు 1,024 వరకు, 3 ఘాతాలు 729 వరకు, 5 ఘాతాలు 625 వరకు ఒక చిన్న కాగితం మీద రాసుకోండి. వీటిని చూడగానే గుర్తుపట్టడం వస్తే సగం సమయం మిగులుతుంది.

## 2. గుణకారం మాత్రమే ఉన్న సమీకరణాలు

అన్నిటికన్నా సులువైన రకం ఇది. కూడికలు, తీసివేతలు ఉండవు, రెండు వైపులా లబ్ధాలే. పైన అడిగిన లెక్కే తీసుకుందాం: 12^మ × 18^న = 5,59,872.

మొదటి అడుగు: భూములను విడగొట్టండి. 12 = 2^2 × 3, 18 = 2 × 3^2.

రెండో అడుగు: కుడివైపు సంఖ్యను విడగొట్టండి. 2తో భాగిస్తూ పోతే ఎనిమిది సార్లు పోయి 2,187 మిగులుతుంది. 2,187ను 3తో ఏడు సార్లు భాగించవచ్చు. కాబట్టి 5,59,872 = 2^8 × 3^7.

మూడో అడుగు: ఎడమవైపు ఒక్కో ప్రధాన సంఖ్యనూ ఒక్కచోటికి చేర్చండి. (2^2 × 3)^మ × (2 × 3^2)^న = 2^(2మ+న) × 3^(మ+2న).

నాలుగో అడుగు: ఖాతాలు పోల్చండి.
2 ఖాతా: 2మ + న = 8
3 ఖాతా: మ + 2న = 7

ఐదో అడుగు: సాధించండి. మ = 3, న = 2.

ఆరో అడుగు: సరిచూడండి. 12^3 = 1,728, 18^2 = 324. 1,728 × 324 = 5,59,872. సరిపోయింది.

ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది మూడో అడుగులో. (2^2)^మ అంటే 2^(2మ), 2^(2+మ) కాదు. ఆ ఒక్క గీత దగ్గర ఆగి చూసుకోండి.

### 2.1 జవాబు లేదని ముందే పట్టుకోవడం

ఇదే ఎడమవైపుకు కుడివైపు 72 ఇచ్చారనుకోండి. 72 = 2^3 × 3^2. అంటే 2మ + న = 3, మ + 2న = 2. రెండూ కూడితే 3(మ + న) = 5. పూర్ణ సంఖ్యల్లో కుదరదు, కాబట్టి సాధన లేదు.

కారణం చూడండి. 12లో మొత్తం మూడు ప్రధాన కారణాంకాలున్నాయి (2, 2, 3), 18లోనూ మూడే (2, 3, 3). ఎన్నిసార్లు గుణించినా, భాగించినా మొత్తం లెక్క 3 గుణిజంగానే ఉంటుంది. 72లో ఐదున్నాయి. సమీకరణాలు రాయకుండానే పని అయిపోయింది.

ఇదే చూపు మూడు భూములున్న చోట ఇంకా బాగా పనికొస్తుంది: 6^మ × 10^న × 15^క = 720. ఎడమవైపు ప్రతి భూమిలోనూ రెండేసి ప్రధాన సంఖ్యలు. 720 = 2^4 × 3^2 × 5, మొత్తం ఏడు. బేసి సంఖ్య కాబట్టి సాధన లేదు.

కుడివైపు 1,440 పెడితే? అది 2^5 × 3^2 × 5, మొత్తం ఎనిమిది. ఇక ఖాతాలు రాద్దాం:
2 ఖాతా: మ + న = 5
3 ఖాతా: మ + క = 2
5 ఖాతా: న + క = 1

మూడూ కూడి సగం చేస్తే మ + న + క = 4. అందులోంచి ఒక్కో సమీకరణం తీసేస్తే క = −1, మ = 3, న = 2. సరిచూస్తే 216 × 100 ÷ 15 = 1,440. ప్రశ్నలో "ధన పూర్ణ సంఖ్యలు" అని ఉంటే దీనికి సాధన లేదని రాయాలి. "పూర్ణ సంఖ్యలు" అని ఉంటే ఇదే జవాబు. 1.1లో చెప్పింది ఇందుకే.

### 2.2 భూమి రుణ సంఖ్య అయితే

గుర్తును, పరిమాణాన్ని వేరువేరుగా చూడండి. (−2)^మ × 3^న = −72 అంటే ముందు గుర్తు వదిలేసి 72 = 2^3 × 3^2 నుంచి మ = 3, న = 2 తీయండి. మ బేసి కాబట్టి ఎడమవైపు రుణం, సరిపోయింది. కుడివైపు +72 ఉంటే సాధన లేదు.

## 3. తెలియనివి ఎక్కువ, ఖాతాలు తక్కువ

4^మ × 8^న = 8,192 తీసుకోండి. అన్నీ 2 ఘాతాలే, 8,192 = 2^13. ఉన్నది ఒకే ఖాతా: 2మ + 3న = 13.

ధన పూర్ణ సంఖ్యలు కావాలంటే న బేసి కావాలి (13 − 3న సరి సంఖ్య అవ్వాలి కదా). న = 1 అయితే మ = 5, న = 3 అయితే మ = 2. న = 5 దగ్గర మ రుణం అయిపోతుంది. కాబట్టి రెండే జవాబులు: (5, 1), (2, 3).

పూర్ణ సంఖ్యలన్నీ కావాలంటే ఒక జవాబు నుంచి బయలుదేరి మను 3 పెంచుతూ, నను 2 తగ్గిస్తూ పోవచ్చు, ఎదురు దిశలోనూ వెళ్లొచ్చు. (−1, 5) కూడా పనిచేస్తుంది: 32,768 ÷ 4 = 8,192. ఇలా అంతులేనన్ని.

## 4. కూడిక, తీసివేత వచ్చినప్పుడు

అసలు చిక్కు ఇక్కడే. ప్రధాన కారణాంకాలు లబ్ధాల గురించి మాట్లాడతాయి, మొత్తాల గురించి కాదు. అందుకే ఇక్కడి నుంచి మీరు చేసే ప్రతి పనికీ ఒకటే ఉద్దేశం: మొత్తాన్ని ఎలాగోలా లబ్ధంగా మార్చడం.

### 4.1 చిన్న ఘాతాన్ని బయటికి తీయండి

2^మ + 2^న = 40 సాధించాలి.

మొదట మ < న అనుకుందాం. 2^మ ఉమ్మడిగా బయటికి తీస్తే 2^మ × (1 + 2^(న−మ)) = 2^3 × 5. బ్రాకెట్‌లో ఉన్నది 1కి ఒక సరి సంఖ్య కలిపితే వచ్చేది, అంటే బేసి. కాబట్టి 2 ఖాతా మొత్తం బయట ఉన్న 2^మదే: మ = 3. మిగిలిన 1 + 2^(న−మ) = 5 నుంచి న − మ = 2, న = 5. సరిచూస్తే 8 + 32 = 40.

మ రుణం అయితే ఎలా అన్న టెన్షన్ అక్కర్లేదు. బ్రాకెట్ బేసి అన్న మాట మ ఏదైనా నిలబడుతుంది, కాబట్టి మ = 3 తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే భాగం: మ = న అయితే? అప్పుడు 2^(మ+1) = 40. కుడివైపు 5 ఉంది, కుదరదు. ఇక్కడ ఏమీ రాలేదు గానీ, కుడివైపు 64 ఉంటే కథ తిరగబడుతుంది. మ < న అన్న సందర్భంలో ఏమీ రాదు, మ = న సందర్భంలో మాత్రం మ = న = 5 వస్తుంది.

చివరగా మ, న తారుమారు చేస్తే (5, 3) కూడా సాధనే. "అన్ని జతలూ" అడిగితే రెండూ రాయండి.

తీసివేతకూ ఇదే పద్ధతి. 3^మ − 3^న = 702. 702 = 2 × 3^3 × 13. 3^న బయటికి తీస్తే బ్రాకెట్‌లో 3^(మ−న) − 1, అది 3 గుణిజం కాదు. కాబట్టి న = 3, 3^(మ−న) = 27, మ = 6. 729 − 27 = 702.

4^మ − 2^మ = 56 చూడగానే చాలామంది వర్గ సమీకరణం మొదలుపెడతారు. అవసరం లేదు. 2^మ × (2^మ − 1) = 2^3 × 7, బ్రాకెట్ బేసి, మ = 3. (మ సున్నా అయితే ఎడమవైపు 0, రుణం అయితే ఎడమవైపు రుణం, రెండూ కుదరవు.)

### 4.2 వర్గం కనిపిస్తే వర్గాల భేదం

2^మ + 1 = న^2. 1ని అటు పంపండి: 2^మ = (న − 1)(న + 1).

నను ధనంగా తీసుకుందాం. రెండు కారణాంకాల లబ్ధం 2 ఘాతం అయితే ఆ రెండూ 2 ఘాతాలే కావాలి, ఖాతాలో ఇంకెవరూ లేరు. వాటి భేదం 2. తేడా 2 ఉన్న 2 ఘాతాలు 2, 4 మాత్రమే (4.1 పద్ధతిలో మీరే చూపించండి, రెండు గీతల పని). కాబట్టి న = 3, 2^మ = 8, మ = 3. న వర్గంలో ఉంది కాబట్టి న = −3 కూడా సాధనే. మ రుణం కాలేదు, ఎందుకంటే అప్పుడు ఎడమవైపు పూర్ణ సంఖ్యే రాదు.

## 5. ఘాతాంకం సరి సంఖ్య అని ముందు నిరూపించాల్సి వచ్చినప్పుడు

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. పోటీ పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ రకంలోనే.

లెక్క: 2^మ + 65 = న^2.

65 వర్గం కాదు, కాబట్టి పై పద్ధతి నేరుగా పనిచేయదు. కానీ మ సరి సంఖ్య అయితే 2^మ తానే ఒక వర్గం. అప్పుడు మ = 2క అని రాసి 65 = (న − 2^క)(న + 2^క) అనొచ్చు. మ సరి అని ఊరికే అనుకోకూడదు, చూపించాలి. దానికి శేషాలు కావాలి.

ఏ సంఖ్యతో భాగించాలి? ముందు 3తో చూద్దాం. మ బేసి అయితే 2^మ శేషం 2, 65 శేషం 2, మొత్తం 4, అంటే శేషం 1. వర్గాలకు శేషం 1 రావచ్చు, కాబట్టి దీంతో ఏమీ తేలలేదు. ఇప్పుడు స్థిర సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్యను పట్టుకోండి. 65 = 5 × 13, కాబట్టి 5.

5తో భాగిస్తే 65 మాయమవుతుంది. 2 ఘాతాల శేషాలు 2, 4, 3, 1 అని తిరుగుతుంటాయి. మ బేసి అయినప్పుడు 2 లేదా 3. వర్గాల శేషాలు 0, 1, 4 మాత్రమే. కాబట్టి మ బేసి కాలేదు.

మ రుణం కూడా కాదు (న^2 పూర్ణ సంఖ్య). ఇక న ధనం అనుకుని 65ను రెండు కారణాంకాలుగా విడగొట్టండి. దారులు రెండే:

- 1 × 65: భేదం 64 = 2 × 2^క, కాబట్టి 2^క = 32, క = 5, మ = 10, న = 33. సరిచూడండి: 1,024 + 65 = 1,089 = 33^2.
- 5 × 13: భేదం 8, 2^క = 4, క = 2, మ = 4, న = 9. సరిచూడండి: 16 + 65 = 81.

రుణ విలువలు కలిపితే (10, ±33), (4, ±9). విలువలు వేసి చూసేవాళ్లకు మ = 4 త్వరగా దొరుకుతుంది, మ = 10 దాకా ఓపిక ఉండదు. ఐఓక్యూఎంలో (గణిత ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష) జవాబు అంకెలు ఓఎంఆర్ మీద దిద్దితే చాలు, కానీ "మ విలువల మొత్తం ఎంత" అని అడిగితే ఒకటి వదిలేసినా మార్కు పోయినట్టే. ఆ తర్వాతి దశ ఆర్‌ఎంఓలోనైతే (ప్రాంతీయ గణిత ఒలింపియాడ్) 5తో శేషాల వాదన కాగితం మీద ఉండాల్సిందే.

ఇదే దారిలో ఇంకొకటి: 3^మ − 2^న = 1. న = 1 అయితే మ = 1. న = 0 అయితే 3^మ = 2, కుదరదు. న 2 లేదా అంతకన్నా ఎక్కువైతే 2^న ను 4 భాగిస్తుంది, కాబట్టి 3^మకు 4తో శేషం 1 రావాలి. 3 ఘాతాలకు 4తో శేషాలు 3, 1, 3, 1, అంటే మ సరి. మ = 2క పెడితే (3^క − 1)(3^క + 1) = 2^న. తేడా 2 ఉన్న 2 ఘాతాలు మళ్లీ అవే, 2, 4. కాబట్టి క = 1, మ = 2, న = 3.

రుణ ఘాతాంకాలు? న రుణం అయితే 1 + 2^న ను భిన్నంగా రాస్తే హారంలో 2 మిగిలిపోతుంది, 3^మలో ఎక్కడా 2 రాదు. న సున్నా గానీ ధనం గానీ అయ్యి మ రుణం అయితే 3^మ విలువ 1 కన్నా తక్కువ, అవతల 2 లేదా ఎక్కువ. రెండూ పోయాయి. సాధనలు (1, 1), (2, 3) మాత్రమే.

## 6. తెలియనిది భూమిలో ఉంటే

న^మ = 5,184, మ ధన పూర్ణ సంఖ్య. విడగొడితే 2^6 × 3^4. న లోని ప్రతి ఖాతాకూ మ రెట్లు కలిపితే ఇవి రావాలి, కాబట్టి మ అనేది 6ను, 4ను రెంటినీ భాగించాలి. గ.సా.భా. 2. మ = 1 అయితే న = 5,184. మ = 2 అయితే న = 72 లేదా −72.

కుడివైపు 1 ఉంటే మాత్రం జాగ్రత్త. (న − 5)^(న + 2) = 1కు మూడు సందర్భాలు చూడాలి: భూమి 1 (న = 6), ఘాతాంకం 0, భూమి 0 కాకుండా (న = −2), భూమి −1, ఘాతాంకం సరి (న = 4, ఘాతాంకం 6). మూడోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

## 7. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

సంయుక్త భూములనే పోల్చేయడం. 4^మ × 8^న = 4^2 × 8^3 చూసి "మ = 2, న = 3" అని ఆపేయడం. (5, 1) ఎగిరిపోయింది. ఘాతాంకాలు పోల్చేది ప్రధాన భూముల మీద మాత్రమే. ముందు విడగొట్టండి, తర్వాతే పోల్చండి.

మొత్తానికి ఘాతాంకాలు కూడడం. 2^మ + 2^న ను 2^(మ+న) అని రాయడం. 2 + 4 = 6, 2^3 = 8. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు.

విడగొట్టడం మధ్యలో ఆపడం. 91, 119, 143 లాంటివి చూసి ప్రధాన సంఖ్యలు అనుకోవడం. 91 = 7 × 13, 119 = 7 × 17, 143 = 11 × 13. మిగిలిన సంఖ్య వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాకే వదలండి.

కారణాంకాల జతల్లో 1ని మరిచిపోవడం. 65ను 5 × 13 అని మాత్రమే రాస్తే (10, ±33) పోతుంది.

జవాబు రాసేముందు ఇవి టిక్ పెట్టుకోండి:

- [ ] తెలియని సంఖ్యలు ఏ రకమో ప్రశ్నలో మళ్లీ చదివాను
- [ ] భూములన్నీ ప్రధాన సంఖ్యల్లోకి విడగొట్టాను
- [ ] రెండు ఘాతాంకాలు సమానమైన సందర్భం విడిగా చూశాను
- [ ] సున్నా, రుణ విలువలు చూశాను
- [ ] వర్గం ఉంటే రుణ న కూడా రాశాను
- [ ] ప్రతి జవాబునూ అసలు సమీకరణంలో వేసి చూశాను

## 8. ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది?

2^మ − 7 = న^2. రామానుజన్ 1913లో ప్రశ్నగా వేసిన సమీకరణం ఇది. మ సరి అయితే మన దగ్గరున్న సరంజామా చాలు: (2^క − న)(2^క + న) = 7, అంటే 1 × 7, కాబట్టి 2^క = 4, మ = 4, న = ±3.

మ బేసి అయితే సాధారణ పూర్ణ సంఖ్యల్లో కారణాంకాలుగా విడదీయలేం. 3, 5, 7, 15 పనిచేస్తాయని సరిచూడొచ్చు (2^15 − 7 = 32,761 = 181^2), బేసి మ మొత్తాన్నీ శేషాలతో తోసెయ్యాలంటే మాత్రం కుదరదు, ఎందుకంటే నిజంగానే బేసి సాధనలు ఉన్నాయి. ఇంకేవీ లేవని 1948లో నాగెల్ నిరూపించాడు. దానికి వర్గమూలం −7 కలిసిన సంఖ్యల్లో కారణాంక విభజన కావాలి. మీ లెక్కలో సరి సందర్భం తేలిగ్గా తెగి, బేసి సందర్భం ఏ శేషానికీ లొంగకపోతే, ముందు ప్రశ్న సరిగ్గా దించుకున్నారో లేదో చూడండి. పరీక్ష ప్రశ్న అయితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

## 9. చేసి చూడండి

1. 15^మ × 45^న = 3^8 × 5^5
2. 5^మ − 5^న = 600
3. 6^మ × 10^న × 15^క = 1,800
4. 3^మ + 55 = న^2

జవాబులు: మొదటిది (2, 3). రెండోది (4, 2). మూడోదానికి సాధన లేదు, 1,800లో ప్రధాన కారణాంకాలు మొత్తం ఏడు. నాలుగోది (2, ±8), (6, ±28). అందులో మ సరి అని చూపడానికి 4తో భాగించినా, 5తో భాగించినా పని జరుగుతుంది.